చిట్టా, ఆవర్జా, ఎస్‌క్యూలైట్

ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఒక యుద్ధనౌక చిక్కులోంచి పుట్టింది. 2000 సంవత్సరంలో రిచర్డ్ హిప్ అనే అమెరికన్ ప్రోగ్రామర్, జనరల్ డైనమిక్స్ సంస్థ తరఫున అమెరికా నౌకాదళానికి ఒక సాఫ్ట్‌వేర్ తయారీలో ఉన్నాడు. నౌక దెబ్బతిన్నప్పుడు నష్టాన్ని అదుపులో పెట్టడానికి సిబ్బందికి తోడ్పడే ప్రోగ్రాం అది. దానికి కావలసిన సమాచారమంతా ఇన్‌ఫార్మిక్స్ అనే పెద్ద డేటాబేస్ సర్వర్‌లో ఉండేది. ఆ సర్వర్ ఆగిపోతే ప్రోగ్రాం కూడా చేతులెత్తేసేది. నౌకకు దెబ్బ తగిలిన వేళలోనే కదా అలాంటి ప్రోగ్రాంతో పని! మధ్యలో సర్వర్ లేకుండా, ప్రోగ్రామే నేరుగా డిస్క్ మీది ఫైలు చదువుకుంటే సరిపోతుందని హిప్‌కు తోచింది. ఆ ఏడాది ఆగస్టులో మొదటి ఎస్‌క్యూలైట్ విడుదలైంది. ఇప్పుడు వాడుకలో ఉన్న మూడో తరం ఫైలు పద్ధతి 2004లో వచ్చింది.

తేలికైనదన్న అర్థం స్ఫురించేలా చాలామంది దీన్ని ఎస్‌క్యూ లైట్ అంటారు. హిప్ మాత్రం గ్రానైట్, బాక్సైట్ లాంటి రాయి పేరులా ఎస్ క్యూ ఎల్ ఐట్ అని పలుకుతాడు. ఆండ్రాయిడ్ ఫోన్లు, ఐఫోన్లు, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు అన్నిటిలోనూ ఇదే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ సందేశాలు దాగేది కూడా ఎస్‌క్యూలైట్ ఫైల్లోనే. పైథాన్ భాషతో కలిసి 2006 నుంచి వస్తోంది కాబట్టి కాలేజీ ప్రాజెక్టు చేసే విద్యార్థి విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు. కోడంతా పబ్లిక్ డొమైన్‌లో ఉంది. రుసుమూ లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ లాంటివి సర్వర్లు. అవి ఎప్పుడూ నడుస్తూ ఉంటాయి. ప్రోగ్రాం వెళ్లి అడిగితే సమాచారం తెచ్చి ఇస్తాయి. ఎస్‌క్యూలైట్‌లో సర్వర్ లేదు, పోర్టు నంబరు లేదు, యూజర్ పేరూ పాస్‌వర్డూ లేవు. ప్రోగ్రాం లోపలే కలిసిపోయే చిన్న లైబ్రరీ ఇది. టేబుళ్లు, ఇండెక్సులు, రికార్డులు అన్నీ ఒకే ఒక్క ఫైల్లో ఉంటాయి. ఆ ఫైలును మామూలు ఫైలులా కాపీ చేయవచ్చు, పేరు మార్చవచ్చు, పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోవచ్చు. దీని సుఖమంతా అందులోనే ఉంది. దీనితో వచ్చే కష్టాలు కూడా చాలావరకు అక్కడినుంచే మొదలవుతాయి.

ఒక మందుల షాపు బిల్లింగ్ ప్రోగ్రాంను ఉదాహరణగా తీసుకోవచ్చు. మందుల పేర్లు, బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు, స్టాకు, బిల్లులు, ఖాతాదారుల ఫోన్ నంబర్లు అన్నీ షాప్ డాట్ డీబీ అనే ఒక్క ఫైల్లో ఉన్నాయి. పొద్దున్నే ప్రోగ్రాం తెరిస్తే "నో సచ్ టేబుల్" అని వచ్చింది. అంటే బిల్లుల టేబులే లేదట. నిన్న రాత్రి దాకా ఉన్న బిల్లులు ఎటు పోయాయని యజమానికి గుండె ఆగినంత పనవుతుంది. సాధారణంగా బిల్లులు ఎక్కడికీ పోవు. చెప్పిన చోట ఫైలు దొరక్కపోతే ఎస్‌క్యూలైట్ ఫిర్యాదు చేయదు. అదే పేరుతో కొత్త ఖాళీ ఫైలు పుట్టిస్తుంది. ప్రోగ్రాంను వేరే ఫోల్డరు నుంచి నడిపినా, దారిలో ఒక అక్షరం తప్పినా జరిగేది ఇదే. కంప్యూటర్‌లో షాప్ డాట్ డీబీ పేరుతో ఎన్ని ఫైళ్లున్నాయో వెతికితే, సున్నా బైట్ల ఫైలొకటీ అసలు ఫైలొకటీ బయటపడతాయి. ఫైలు చిరునామాను డ్రైవ్ పేరుతో సహా పూర్తిగా ఇవ్వడం దీనికి మందు.

"అనేబుల్ టు ఓపెన్ డేటాబేస్ ఫైల్" అని వస్తే ఫోల్డరే లేకపోవచ్చు, లేదా తెరిచే హక్కు లేకపోవచ్చు. చదవడం కుదిరి రాయడం కుదరకపోతే ఫోల్డరు అనుమతులు చూడాలి. ఫైలుకు రాసే అనుమతి ఇచ్చి ఫోల్డరుకు ఇవ్వకపోవడం తరచూ జరిగే పొరపాటు. రాసేటప్పుడు ఎస్‌క్యూలైట్ తన ఫైలు పక్కనే ఇంకో ఫైలు సృష్టించుకుంటుంది. అందుకు ఫోల్డరు కూడా ఒప్పుకోవాలి. "ఫైల్ ఈజ్ నాట్ ఎ డేటాబేస్" అని వస్తే ఫైలు మొదటి 16 బైట్లు చూస్తే చాలు. సరైన ఫైలైతే అక్కడ ఎస్‌క్యూలైట్ ఫార్మాట్ 3 అన్న ఇంగ్లీషు మాటలు కనిపిస్తాయి. లేకపోతే అది వేరే ఫైలు, లేదా ఏదో సాధనంతో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలు.

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది "డేటాబేస్ ఈజ్ లాక్డ్" అనే సందేశం. దీని నంబరు 5. ఎస్‌క్యూలైట్‌లో ఎంతమందైనా ఒకేసారి చదవవచ్చు, రాసేది మాత్రం ఒకసారికి ఒక్కరే. మామూలు పద్ధతిలో రాసే ప్రోగ్రాం ముందు "నేను రాయబోతున్నాను" అని చీటీ వేసుకుంటుంది. అప్పటికి చదివేవాళ్లు చదువుతూనే ఉంటారు. రాసే ఘడియ దగ్గర పడ్డాక కొత్తగా చదవడానికి వచ్చేవాళ్లను గుమ్మం దగ్గరే ఆపి, లోపలున్నవాళ్లు బయటికి వచ్చేదాకా ఆగి, అప్పుడు ఫైలంతా తన చేతిలోకి తీసుకుంటుంది. ఈ రాయడం మామూలుగా కొన్ని మిల్లీసెకన్లలో ముగుస్తుంది. ఆ కాస్త సమయంలో ఇంకో కౌంటరు బిల్లు వేయబోతే, ఆగమని చెప్పి ఉండకపోతే, వెంటనే లాక్ అయి ఉందన్న జవాబు వస్తుంది. అసలు లైబ్రరీలో ముందుగా పెట్టి ఉన్న నిరీక్షణ సమయం సున్నా. పైథాన్‌లో అయితే 5 సెకన్లు. బిజీ టైమౌట్ అనే అమరికకు నాలుగైదు సెకన్లు ఇస్తే ఈ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం సద్దుమణుగుతుంది.

టైమౌట్ పెట్టినా లాక్ సందేశం తక్షణం వచ్చే సందర్భం ఒకటుంది. రెండు కౌంటర్లూ ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి ముందు స్టాకు చదివాయి. ఆ తర్వాత రెండూ రాయాలనుకున్నాయి. ఒకదాని రాత పూర్తి కావాలంటే రెండోది చదవడం వదలాలి. రెండోది తన రాత కోసం కాచుకుని కూర్చుంటే ఇద్దరూ కదలరు. అందుకే ఎస్‌క్యూలైట్ ఒకరిని ఆపకుండా వెంటనే వెనక్కి పంపేస్తుంది. రాయబోయే ట్రాన్సాక్షన్‌ను మామూలు బిగిన్‌తో కాక, బిగిన్ ఇమ్మీడియేట్‌తో మొదలుపెడితే ఈ పీటముడి పడదు. రాసే హక్కు మొదట్లోనే దొరుకుతుంది, రెండోవాళ్లు బయట వరసలో నిలబడతారు. ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచి "బిల్లు ప్రింట్ చేయాలా" అని మనిషిని అడిగే ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. కౌంటరు మనిషి టీ తాగి వచ్చేదాకా షాపంతా ఆగుతుంది. లాక్ పట్టుకుని మనిషి జవాబు కోసం ఎదురుచూసే కోడ్ రాయనే కూడదు.

ఇక ఫైలు పక్కన పుట్టే ఆ రెండో ఫైలు సంగతి. మామూలు పద్ధతిలో దానికి డేటాబేస్ పేరు చివర జర్నల్ అని తగిలి ఉంటుంది. ఎస్‌క్యూలైట్ తన ఫైలును పేజీలుగా విభజించుకుంటుంది. 2016 నుంచి మామూలు పేజీ సైజు 4096 బైట్లు. ఒక పేజీ దిద్దే ముందు దాని పాత రూపాన్ని జర్నల్లోకి ఎత్తి రాసి, తర్వాతే అసలు పేజీ మీద చేయి వేస్తుంది. పని పూర్తయ్యాక జర్నల్ చెరిపేస్తుంది. ఆ చెరపడమే కమిట్. మధ్యలో కరెంటు పోతే జర్నల్ అలాగే మిగిలిపోతుంది. మళ్లీ ఫైలు తెరవగానే ఎస్‌క్యూలైట్ దాన్ని చూసి, పాత పేజీలన్నీ తిరిగి అతికించి, సగంలో ఆగిన బిల్లును లేనట్టే చేస్తుంది. ఇదేదో పనికిరాని చెత్త ఫైలనుకుని జర్నల్‌ను డిలీట్ చేసేవాళ్లున్నారు. అంతకంటే పెద్ద ప్రమాదం ఈ డేటాబేస్‌కు ఇంకొకటి లేదు. సగం కొత్తవీ సగం పాతవీ అయిన పేజీలతో ఫైలు మిగిలిపోతుంది. వెనక్కి పోయే దారి ఆ చెరిపిన ఫైల్లోనే ఉంది.

2010లో వచ్చిన రెండో పద్ధతి పేరు రైట్ అహెడ్ లాగ్, పొట్టిగా వాల్. పాతకాలపు షావుకార్ల లెక్కలు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. వచ్చిన పద్దు వచ్చినట్టు ముందు చిట్టాలో రాస్తారు. తీరిక దొరికినప్పుడు చిట్టాలోని పద్దులు ఆవర్జాకు ఎక్కిస్తారు. వాల్ ఫైలు చిట్టా, అసలు డేటాబేస్ ఫైలు ఆవర్జా. కొత్త మార్పులన్నీ వాల్ ఫైలు చివర చేరుతూ పోతాయి. చిట్టా సుమారు 1000 పేజీలకు, అంటే దాదాపు 4 మెగాబైట్లకు చేరగానే పద్దులు ఆవర్జాకు ఎక్కుతాయి. దీన్నే చెక్‌పాయింట్ అంటారు. ఆవర్జా చూసేవాళ్లకు చిట్టా రాసేవాళ్లు అడ్డు కారు కాబట్టి ఒకరు బిల్లు వేస్తుంటే ఇంకొకరు స్టాకు రిపోర్టు తీసుకోవచ్చు. లాక్ తగాదాలతో విసిగిన ప్రోగ్రాంకు ముందు చేయవలసిన మార్పు ఇదే. జర్నల్ మోడ్‌ను ఒక్కసారి వాల్ అని మారిస్తే ఆ సంగతి ఫైల్లోనే నమోదై ఉంటుంది. అయితే రాసేవారు ఇక్కడా ఒకసారికి ఒక్కరే.

వాల్ ఫైలు గిగాబైట్ల కొద్దీ పెరిగిపోయిందంటే, సాధారణంగా ఎక్కడో ఒక రిపోర్టు చదవడం మొదలుపెట్టి ముగించలేదని అర్థం. చదివేవారు పాత పేజీ మీద వేలు పెట్టి కూర్చుంటే చిట్టాను మొదటినుంచి మళ్లీ వాడుకోవడం కుదరదు. తెరిచిన ఆ క్వెరీని మూసేస్తే సరిపోతుంది.

షాపులో రెండు కంప్యూటర్లుంటే ఒక మోజు పుడుతుంది: ఫైలును నెట్‌వర్క్‌లో షేర్ చేసి రెండిట్లోంచీ తెరవడం. వాల్ పద్ధతికి అందరూ ఒకే యంత్రం మెమరీని పంచుకోవాలి కనుక అది నెట్‌వర్క్ మీద పనిచేయదు. పాత జర్నల్ పద్ధతి పనిచేస్తున్నట్టే ఉంటుంది, కానీ చాలా నెట్‌వర్క్ ఫైల్ వ్యవస్థల్లో లాక్‌లను నమ్మలేం. లాక్ దొరికిందని ఇద్దరూ అనుకుని ఒకే పేజీ మీద రాసిన రోజున ఫైలు పాడవుతుంది. రెండు యంత్రాలు రాయాలంటే ఒకదాని మీద చిన్న ప్రోగ్రాం నడిపి, రెండోది దాన్ని అడిగేలా చేయాలి, లేదా పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వర్‌కు మారాలి. ఇక్కడ రాజీ పనికిరాదు.

బ్యాకప్ విషయంలోనూ చిట్టా ఆవర్జాల పోలికే దారి చూపుతుంది. షాపు నడుస్తుండగా డీబీ ఫైలొక్కటే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఆవర్జా మాత్రమే వచ్చింది, ఈరోజు పద్దులున్న చిట్టా కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. కాపీ జరుగుతున్న క్షణంలో రాత కూడా జరిగితే ముందు పేజీలు పాతవి, వెనక పేజీలు కొత్తవి అవుతాయి. ఎస్‌క్యూలైట్ కమాండ్ లైన్ సాధనంలో బ్యాకప్ అనే ఆదేశం ఉంది. 2019 నుంచి వ్యాక్యూమ్ ఇంటూ అనే ఎస్‌క్యూఎల్ వాక్యం కూడా ఉంది. ఈ రెండూ షాపు నడుస్తుండగానే నిక్కమైన ప్రతి తీసిపెడతాయి. లేదంటే ప్రోగ్రాంను సవ్యంగా మూసి, పక్క ఫైళ్లు మాయమయ్యాయో లేదో చూసి, అప్పుడు కాపీ చేయాలి.

వేగం సంగతికి వస్తే, వేల మందుల పేర్లను ఎక్సెల్ నుంచి ఎక్కించడానికి గంటలు పట్టిందన్న ఫిర్యాదుకు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ప్రతి ఇన్సర్ట్ విడి ట్రాన్సాక్షన్‌గా జరుగుతోంది. ప్రతి కమిట్‌కూ డేటా నిజంగా డిస్క్ మీదికి చేరేదాకా ఎస్‌క్యూలైట్ ఆగుతుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ మీద సెకనుకు 60 ట్రాన్సాక్షన్లకు మించి కావు. అవే ఇన్సర్టులను ఒక బిగిన్‌కూ ఒక కమిట్‌కూ మధ్య పెడితే సెకనుకు 50 వేలైనా ఎక్కుతాయి. ఇలా చేయకుండా, వేగం కోసం సింక్రనస్ అనే అమరికను ఆఫ్ చేయడం కరెంటు పోతూ వస్తూ ఉండే చోట చాలా చెడ్డ బేరం. వెతకడం నిదానంగా ఉంటే ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్ అన్న మాటలు క్వెరీ ముందు చేర్చి నడపాలి. స్కాన్ అని వస్తే మొదటి రికార్డు నుంచి చివరి దాకా వెతుకుతోందని, సెర్చ్ అని వస్తే ఇండెక్స్ వాడుతోందని అర్థం. రికార్డులు డిలీట్ చేసినా ఫైలు సైజు తగ్గదు, ఖాళీ అయిన పేజీలు కొత్త రికార్డుల కోసం లోపలే ఉంటాయి. వ్యాక్యూమ్ చేస్తే తగ్గుతుంది. దానికి డిస్క్‌లో ఫైలుకు రెండింతల దాకా ఖాళీ కావలసి రావచ్చు.

టైపుల దగ్గర ఎస్‌క్యూలైట్ ఉదారంగా ఉంటుంది, ఆ ఉదారత అప్పుడప్పుడు నష్టం తెస్తుంది. ఫోన్ నంబరు కాలమ్‌ను ఇంటీజర్ అని ప్రకటిస్తే హైదరాబాద్ ల్యాండ్‌లైన్ నంబర్ల ముందుండే 040లో మొదటి సున్నా ఎగిరిపోయి 40తో మొదలవుతుంది. అదే కాలమ్‌లో పొరపాటున మనిషి పేరు రాస్తే కిక్కురుమనకుండా తీసుకుంటుంది. ఫోన్ నంబర్లు, పిన్ కోడ్‌లు లెక్కలు కట్టేవి కావు, వాటిని టెక్స్ట్‌గానే ఉంచాలి. 2021 నుంచి టేబుల్ చివర స్ట్రిక్ట్ అని చేర్చే సౌకర్యం వచ్చింది, కొత్త టేబుళ్లకు అది పెట్టుకోవడమే మేలు. ఫారిన్ కీ తనిఖీ కూడా మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. ప్రతి కనెక్షన్‌లోనూ విడిగా ఆన్ చేయకపోతే ఖాతాదారును చెరిపేసినా అతని బిల్లులు అనాథలుగా మిగులుతాయి.

తేదీకి విడి టైపు లేదు. రోజు, నెల, సంవత్సరం వరసలో రాసిన తేదీలను ఎస్‌క్యూలైట్ అక్షరాలుగానే పోలుస్తుంది. అలా అయితే 2024 డిసెంబర్ 5 కంటే 2024 జనవరి 6 తర్వాతిదవుతుంది. సంవత్సరం ముందు, నెల తర్వాత, రోజు చివర రాయాలి. కరెంట్ టైమ్‌స్టాంప్ ఇచ్చేది గ్రీనిచ్ లెక్క సమయం, భారత కాలమానం దానికి ఐదున్నర గంటలు ముందు. 24 గంటలూ తెరిచి ఉండే మందుల షాపులో తెల్లవారుజాము 2 గంటలకు కొట్టిన బిల్లు ముందురోజు లెక్కలో పడుతుంది. తేదీ తీసేటప్పుడు లోకల్‌టైమ్ అనే మాట చేర్చాలి.

తెలుగులో పేర్లు నమోదు చేసే ప్రోగ్రాములకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఎస్‌క్యూలైట్ అక్షరాలను కంటికి కనిపించే రూపంతో కాక బైట్లతో పోలుస్తుంది. మైథిలి అనే పేరులో చెవికి మూడక్షరాలే. లెంగ్త్ ఫంక్షన్ 6 అంటుంది, ఎందుకంటే మ, ఐత్వం, థ, గుడి, ల, గుడి అని విడివిడిగా లెక్కిస్తుంది. ఇంకో కీబోర్డు నుంచి వచ్చిన అదే పేరుకు 7 అని రావచ్చు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింద వచ్చే తోక అని రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెర మీద రెండు మైథిలి పేర్లకూ వెంట్రుకవాసి తేడా ఉండదు, వెతికితే ఒకటే దొరుకుతుంది. రమేష్ లాంటి పొల్లుతో ముగిసే పేర్ల చివర కంటికి కనపడని నాన్ జాయినర్ గుర్తు అంటుకుని ఉండటం ఇంకా మామూలు. అప్పుడు లెంగ్త్ 5కు బదులు 6 చూపుతుంది. ఎవరో ఖాతాదారు "నా పేరు లేదంటారేమిటి" అని కౌంటరు దగ్గర నిలబడినప్పుడు లెంగ్త్, హెక్స్ ఫంక్షన్లతో ఆ పేరు లోపలి బైట్లు చూస్తే దొంగ దొరుకుతాడు. పేరు నిల్వ చేసే ముందే ప్రోగ్రాంలో ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ రూపానికి మార్చి, చివర ఉన్న అదృశ్య గుర్తులు కొట్టేస్తే ఈ బాధ ఉండదు. ఈ మార్పు ఎస్‌క్యూలైట్ తానుగా చేయదు.

వరస కూడా అంతే. వర్ణమాలలో వ ముందు, ళ తర్వాత. యూనికోడ్‌లో ళ అక్షరం ల పక్కన, వ కంటే ముందు ఉంది. అందుకే ఖాతాదారుల జాబితాలో కవిత కంటే కళావతి ముందు వస్తుంది. వర్ణమాల వరస కావాలంటే ప్రోగ్రాం తన సొంత కొలేషన్ ఫంక్షన్ రాసి ఇవ్వాలి.

చివరిగా, "డేటాబేస్ డిస్క్ ఇమేజ్ ఈజ్ మాల్‌ఫార్మ్డ్", నంబరు 11. ఫైలు పాడైందని దీని అర్థం. అప్పుడు ముందు ప్రోగ్రాం ఆపి, డీబీ ఫైలునూ పక్కనున్న జర్నల్ లేదా వాల్ ఫైలునూ కలిపి వేరే చోటికి కాపీ చేసి, బాగుచేసే పనంతా ఆ కాపీ మీదే చేయాలి. ప్రాగ్మా ఇంటెగ్రిటీ చెక్ నడిపితే ఏ పేజీలు, ఏ ఇండెక్సులు చెడ్డాయో చెబుతుంది. ఇండెక్స్‌లో కొన్ని రికార్డులు లేవని మాత్రమే వస్తే రీఇండెక్స్‌తో పోతుంది, సమాచారానికి నష్టం లేదు. టేబుల్ పేజీలే చెడితే కమాండ్ లైన్ సాధనంలోని రికవర్ ఆదేశం వాడాలి. 2019లో వచ్చిన ఈ ఆదేశం చెడిన ఫైల్లోని ప్రతి పేజీనీ వెతికి, దొరికిన ప్రతి రికార్డునూ ఎస్‌క్యూఎల్ వాక్యాలుగా బయటికి తెస్తుంది. వాటిని కొత్త ఖాళీ ఫైల్లోకి ఎక్కించుకోవాలి. ఏ టేబుల్‌కు చెందినవో తేలని రికార్డులు లాస్ట్ అండ్ ఫౌండ్ అనే టేబుల్లో పడతాయి. చెరిపేసిన పాత రికార్డులు కూడా కొన్ని తిరిగి లేచి రావచ్చు. కొత్త ఫైలు మీద ఇంటెగ్రిటీ చెక్ మరోసారి నడిపి, ఓకే అని వచ్చాక, లాస్ట్ అండ్ ఫౌండ్‌లోని ఒక్కో వరుసనూ ప్రింటయిన బిల్లు కాగితాలతో పోల్చి, బిల్లుల టేబుల్లోకి చేతితో ఎక్కించుకోవాలి.